గురువారం గ్రాఫు

పెరంబూరు లోకో స్టేషను వెనక రెండో సందు,
మేడ మీద రేకుల గది.
అక్కడే లోహిత్ మణికట్టుకి
గడియారం లాంటిదొకటి కట్టాను.
గడియారం కాదు, టైము చెప్పదు.
కదలికల్ని లెక్కపెడుతుంది
సెకనుకు ముప్ఫైసార్లు,
వడ్డీవ్యాపారి కన్నా శ్రద్ధగా.

మా అధ్యయనంలో వాడు నలభై ఒకటో నంబరు.
తొమ్మిదేళ్ళు. మాటలు తక్కువ.
తెలుగు అమ్మతో,
తమిళం మాత్రం స్టేషను మైకు పలికినట్టు,
ప్లాట్‌ఫారం నంబరుతో సహా.

"రోజుకి ఎంతసేపు ఆడతాడమ్మా?"
ఫారంలో పదకొండో ప్రశ్న.
దేవసేన సూదిలో దారం ఎక్కిస్తూ
"ఎవురితో?" అంది.
ఆ జవాబుకి గడి లేదు.
సున్నా అని రాసుకున్నాను.

(నాకూ ఒకప్పుడు సున్నాయే.
బంతి నా వైపొస్తే కళ్ళు మూసుకునేదాన్ని.
పీటీ పీరియడంతా
ఆడేవాళ్ళ చెప్పులకి కాపలా.)

అడయారు ఆఫీసులో, ఏసీ చలిలో,
ఏడు రోజులు ఏడు గీతలుగా విప్పుకున్నాయి.
సోమవారం సాయంత్రం ఆరింటికి
గీత తాటిచెట్టంత లేచింది.
పరుగు కాదది.
అరక్కోణం లోకల్ వస్తుంటే
పిట్టగోడ దగ్గర వాడి చేతులు
రెండూ కొట్టుకోవడం,
మడమలు నేలకి ఆనకపోవడం.
నేనారోజు అక్కడే ఉన్నాను.
రైలు పోయాక కూడా
ఆ మొహంలో పెట్టెలు ఒక్కొక్కటీ వెళ్తూనే ఉన్నాయి.

"అది వ్యాయామం కాదు, రొద. తీసేయండి"
అన్నారు లెక్కలు చూసే సుందరమూర్తిగారు.
మంచివాడే.
రోజూ బీచి రోడ్డున ఆరు కిలోమీటర్లు నడుస్తాడు.
నడిచేటప్పుడు ఆయన చేతులూ ఊగుతాయి,
వాటినెవరూ తీసేయరు.

రాత్రి రెండు నుంచి మూడుంపావు దాకా
రోజూ పొట్టి పొట్టి గీతలు.
నిద్ర పట్టక నీళ్ళ ట్యాంకు చుట్టూ వాడు.
పక్కన ఆమె.
వాడి అడుగులు నా దగ్గరున్నాయి.
ఆమెవి లేవు.
ఆమె చేతికి నేనేమీ కట్టలేదు.

ఇక గురువారం.
మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర
కొలిచి కుట్టినట్టు ఒకటే అల.
నడుమ ఒకచోట తెగి, మళ్ళీ అదే.
మూడు దాటాక మాత్రం కాస్త వెడల్పు.
ఏ పిల్లాడూ అలా కదలడు.
పరికరం పాడైందన్నారు.
ఫోను చేశాను.

దేవసేన నవ్వింది,
ఆమె నవ్వు వినడం నాకదే మొదలు.
"వాడే ఇప్పేసి నా కాలికి కట్నాడక్కా,
పట్టీ మాదిరి.
కట్టి, మిషను కింద దూరి
నా మోకాలికి తల ఆనించుకున్నాడు.
తీస్తే అరస్తాడని ఉంచేసినా.
నాలుగు జాకెట్లు, పెండ్లి ఆర్డరు."

తొక్కుడు, తొక్కుడు, తొక్కుడు.
నలభై ఒకటో నంబరు పేరున
నాలుగున్నర గంటల అమ్మ కాలు.

వేరొకరి కదలిక లెక్కలోకి రాకూడదు.
నియమం తెలుసు, చెరిపేశాను.
సోమవారం దగ్గర నా వేలు ఆగింది.
అది ఉంచాను. సుందరమూర్తిగారితో
ఇంకా తెగలేదు.

చెరిపేముందు గురువారాన్ని
ఒక కాగితం మీదికి తీసుకున్నాను.
శనివారం తీసుకెళ్ళి ఇచ్చాను.
దేవసేన వెలుతురుకి పట్టి చూసింది,
పక్కింటావిడ తెచ్చిన జాకెట్టు
అంచు చూసినట్టు.
గోటితో గీత వెంబడి వెళ్ళింది.
"ఈడ దారం తెగింది."
ఇంకాస్త ముందుకి వెళ్ళి
అల వెడల్పైన చోట ఆపింది.
గొంతు తగ్గించింది,
గదిలో ఎవరూ పడుకొని లేకపోయినా.

"ఈడ మెల్లంగా తొక్కినా.
వాడికి నిద్ర పట్టింది."